ఆఖరి వరసకి వేసిన మొహం

నేను ఒక విగ్గును. అల్లాటప్పా విగ్గును కాను. ఒకప్పుడు వెండితెర మీద జనాన్ని వెర్రెత్తించిన కనకవల్లి ఎవరో మీ తాతగారిని అడగండి, మీ నాయనమ్మ దగ్గర లేకుండా చూసి. ఆవిడ తల మీద గోపురంలా నిలిచిన కొప్పును నేనే. ఆవిడ అలా తల తిప్పిందంటే నాలోని మల్లెపూల వాసనకి టూరింగు టాకీసులో నేలక్లాసు మొత్తం మూర్ఛపోయేది. తెర మీంచి వాసన ఎలా వచ్చిందని అడక్కండి. పెద్దవాళ్లు చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు వెయ్యకూడదని వీధిబడి పంతులు అనేవాడు. ఆ బడి మా షాపు గోడకి అవతలే. నా చదువంతా మేకుకి వేలాడుతూ విన్నదే.

నన్ను పుట్టించినవాడు మస్తానయ్య. తెనాలిలో నాటకాలకి వేషాలు అద్దెకిచ్చే షాపు అతనిది. జనపనారని నల్లరంగులో ఉడకబెట్టి, ఆరబెట్టి, గుడ్డటోపీకి కుట్టి, లోపల కొబ్బరిపీచు కూరి నన్ను నిలబెట్టాడు. పీచుతో పుట్టినవాణ్ణి కనకవల్లి నెత్తికి ఎలా ఎక్కానంటారా? ఎక్కలేదు. దాచి నేను బావుకునేదేముంది? ఆవిణ్ణి గోడమీది పోస్టరులో తప్ప నేనెప్పుడూ చూడలేదు. నేనెక్కిన తల శేషరత్నానిది.

తిరునాళ్లలో రికార్డింగు డాన్సులు ఆడేవాళ్లు తలా ఒక తార పేరు తగిలించుకునేవాళ్లు. శేషరత్నం జూనియర్ కనకవల్లి. ఆమె బండి దిగితే ఈలలకి ఎడ్లు బెదిరేవి. ఒకసారి ఈదురుగాలికి నేను ఎగిరి మునసబుగారి బట్టతల మీద వాలాను. జనం ఆయనకీ ఈల వేశారు. పాపం, ఆయన ఇల్లు చేరేదాకా నన్ను తియ్యలేదు.

తర్వాత ఆ ఆటలు పోయాయి. శేషరత్నం మస్తానయ్య షాపులోనే చెమ్కీలు కుడుతూ, వెనకగదిలో పడుకుంటూ ముసలిదైంది. ఒకరోజు మస్తానయ్య ఆమె మొహం చూడకుండా అన్నాడు.

“దీపావళి వెళ్లాక షట్టరు దించేస్తున్నా రత్నం. అద్దెకి వేషాలడిగేవాడు లేడు. నీ సంగతి నువ్వు చూసుకో.”

చూసుకోవడానికి ఆమెకి ఆ వెనకగది తప్ప ఇంకో సంగతి లేదు. సరిగ్గా ఆ వారంలోనే హరిణి వచ్చింది. తెనాలి పిల్లే, హైదరాబాదులో ఉద్యోగం.

“మా ఆఫీసులో హాలోవీన్ పార్టీ ఆంటీ. నేను కనకవల్లిలా వెళ్లాలి. అచ్చం ఆ రోజుల్లోలా ఉండాలి.”

“హాలోవీనంటే ఏందమ్మా?”

“దయ్యాల పండగ.”

“దయ్యాల పండక్కి ఆవిడెందుకే? పాపం, ఎవర్ని పట్టుకుందని?”

హరిణి నవ్వింది. “ఎవరికిష్టమైన వేషం వాళ్లు వేసుకోవచ్చు ఆంటీ. అందరూ దయ్యాలేస్తారు, నేను అందంగా వెళ్తా. మాది ఫంక్షన్లు చేసే కంపెనీ. వేషాలు చూసుకునే మనిషి కోసం మా సార్ వెతుకుతున్నాడు. మీరొచ్చి నన్ను తయారుచెయ్యండి, మిమ్మల్ని చూపిస్తా.”

ఆ మాటకి శేషరత్నం చేతులు పడుచువైపోయాయి. పాత జార్జెట్ చీర తీసి ఎండలో ఆరేసింది. జాకెట్టు మీంచి రాలిన చెమ్కీలన్నీ మళ్లీ కుట్టింది. గాజురాళ్ల జూకాలని చింతపండుతో తోమింది. నాకు చిమ్మటలు కొట్టిన చోట కొత్త నార అతికి, తన తలకి దాచుకున్న రంగు నాకు వేసింది. అద్దంలో చూసుకుంటే నాకే ముద్దొచ్చాను.

పార్టీనాటి సాయంత్రం ఆ ఆఫీసులో ఒక ఇరుకుగదిలో హరిణిని కూర్చోబెట్టింది. జింకు పౌడరులో గులాబీరంగు కలిపి మందంగా పూసింది. కనుబొమలు కణతల దాకా లాగింది. బుగ్గలకి ఎరుపు అద్దింది. రికార్డింగు డాన్సులో మొహం వేసే పద్ధతి ఒకటుంది. ముందు కుర్చీలో కూర్చున్న మోతుబరి కోసం కాదు, పెట్రోమాక్సు వెలుగు అందని ఆఖరి వరసవాడి కోసం వెయ్యాలి. ఆమె చేతికి తెలిసింది అదొక్కటే.

హరిణి అద్దం చూసి కంగారుపడింది. “ఎక్కువైందేమో ఆంటీ.”

“ఇంత దగ్గర్నుంచి చూస్తారటే ఎవరన్నా? దూరం పోయి చూడాలి.”

ఆ ఆఫీసులో దూరం లేదు. అందరూ ఫోనులు పట్టుకుని ముక్కు మీదికే వచ్చారు. తెల్లటి లైట్ల కింద ఆ పిల్ల మొహం సున్నం వేసిన గోడలా ఉంది. ఒకమ్మాయి నిజంగానే జడుసుకుంది. తర్వాత హాలంతా చప్పట్లు. అందరికన్నా భయంకరమైన దయ్యం బహుమతి హరిణికి ఇచ్చారు. ఆ పిల్ల మైకు అందుకుని అంది: “థాంక్యూ. నేను కనకవల్లి దయ్యాన్ని.”

శేషరత్నం తలుపు దగ్గర నా పిన్నులడబ్బా పట్టుకుని నిలబడి ఉంది. హరిణి మాట తప్పలేదు, సారుని ఆమె దగ్గరికే తీసుకొచ్చింది.

“అద్భుతంగా చేశారమ్మా. ఇంత మంచి దయ్యాన్ని నేనెక్కడా చూళ్లేదు. ఇంకా ఏమేం దయ్యాలొచ్చు మీకు?”

శేషరత్నం హరిణి మొహం వంక చూసింది.

“ఇదొక్కటే వచ్చు బాబూ.”

ఆయన మర్యాదగా తలూపి ఇంకో గుంపులోకి వెళ్లిపోయాడు.

“ఇంకో నాలుగు వచ్చని చెప్పాల్సింది ఆంటీ,” అంది హరిణి, కళ్లనీళ్లతో పౌడరు చారలు కడుతుంటే.

శేషరత్నం నన్ను ఆ పిల్ల తల మీంచి తీసింది. “అయితే అమ్మాయ్, తిరునాళ్లలో అన్నేళ్లూ జనం చూసింది కూడా ఈ దయ్యాన్నేనంటావా?”

హరిణి చీరకొంగుతో బుగ్గలు తుడుచుకుంది. జవాబు నా దగ్గర ఉంది గానీ, పీచు మాటెవరు వింటారు?

తెల్లారి తెనాలి బస్టాండులో టీకొట్టు పెద్దాయన ఆమెని పోల్చుకున్నాడు. “మీరు జూనియర్ కనకవల్లిగారు కదూ? మా ఊళ్లో మీ ఆట చూశానమ్మా. ఎంత చక్కగా ఉండేవారో,” అంటూ టీ చేతికిచ్చాడు. ఆమె ఆ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని తాగింది.

దీపావళి వెళ్లాక షట్టరు దిగింది. నేనిప్పుడు పాతసామాన్ల కొట్టులో గోనెసంచిలో ఉన్నాను, చెక్కకత్తులతో, ఒంటి మీసంతో. మీసం వట్టి వాగుడుకాయ. శేషరత్నం ఎటు పోయిందో మాలో ఎవరికీ తెలియదు. ఒక చేతిసంచి పట్టుకుని స్టేషను వైపు నడవడం మాత్రం చూశాం.

ఇంతసేపు విన్నారు గనక ఒకటి ఒప్పుకుంటాను. మునసబుగారి సంగతి మీరెటూ నమ్మి ఉండరు, అది వదిలేయండి. ఆ టీకొట్టు పెద్దాయన లేడు. కొట్టు ఉంది, ఆమె టీ తాగింది, గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. పోల్చుకున్నవాణ్ణి కథలో నేను పెట్టాను.