రేగాకు నీళ్లు

"కదలబాక మే. నిటారుగా నిలబడు," అంది షాహిదాబీ, తెల్లగుడ్డ కొసని మనవరాలి నడినెత్తి మీద అదిమిపట్టి.

ఇర్ఫానా ఊపిరి బిగబట్టి నిలబడింది. చనిపోయిన మనిషి సరిగ్గా తనంత పొడుగేనట. అందుకని శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొలత తన మీదే తీస్తోంది నానీ. నెత్తి నుంచి మడమ దాకా, పైన జానెడు, కింద జానెడు ఎక్కువ. తర్వాత కత్తెరతో ఒక్క గాటు పెట్టి, రెండు చేతులా పట్టి లాగింది. గుడ్డ పర్రుమని చిరిగింది. ఆ చప్పుడుకి ఇర్ఫానా ఒళ్లు జలదరించింది.

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ముస్లిం ఇళ్లల్లో ఆడమనిషి కన్నుమూస్తే కడపటి స్నానం చేయించేది షాహిదాబీనే. ముప్పై ఏళ్లుగా అదే పని. బక్కపలచని మనిషి, వంగిన నడుము, నీళ్లలో నాని నాని ముడతలు పడ్డ వేళ్లు. చావింట్లో "షాహిదాబీ ఇంకా రాలేదా?" అని వీధిలోకి తొంగిచూసే జనమే, పెళ్లింట్లో ఆమె కనబడితే పెళ్లికూతుర్ని లోపలి గదిలోకి తప్పిస్తారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం మన జనానికి ఒకరు నేర్పాలా? ఆమె మాత్రం పిలిచిన పెళ్లికల్లా వెళ్లేది. ఓ మూల కూర్చుని బిర్యానీ తిని, దువా చేసి వచ్చేసేది.

ఇర్ఫానా తల్లి షాహనా కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగి ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చింది గానీ, ఈ పనికి ఏనాడూ వెంట వెళ్లలేదు. ఎప్పుడూ నీళ్లందించే పక్కింటి ఇమాంబీ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉంది. షాహిదాబీ కుడిచెయ్యి ఈమధ్య వణుకుతోంది. ఒక్కతే చెయ్యలేదు.

"నాకు భయం నానీ."

"భయపడతానే నా ఎంట రా. భయపడొద్దని ఎవురన్నారు?"

రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతుంటే, ఇది ఇక్కడే చెడిపోతే బాగుండునని ఇర్ఫానా గట్టిగా కోరుకుంది. అది చెడిపోలేదు. మన మొక్కులు అలాంటప్పుడే వినబడవు కాబోలు. ఆ శవం కళ్లు తెరిస్తే? చల్లటి చెయ్యి వచ్చి తన మణికట్టు పట్టుకుంటే?

గుంటల దగ్గర కాపలా ఉండే హనీఫా భార్య పోయింది. అతను మెట్ల మీద కూర్చుని నేలని చూస్తున్నాడు. పెరట్లో మునగచెట్టుకీ గోడకీ చీరలు కట్టి తెర చేశారు. తెర వెనక బల్ల మీద ఆమె.

"అస్సలాము అలైకుమ్ అమ్మా. షాహిదాబీని, వచ్చినా," అని పలకరించింది నానీ, ఏదో చుట్టపుచూపుగా వచ్చినట్టు. మీద కప్పిన దుప్పటి తొలగించకుండానే, దాని కిందుగా చెయ్యి పోనిచ్చి కడగడం మొదలుపెట్టింది. ఇర్ఫానా పని రేగాకు వేసి కాచిన నీళ్లు పొయ్యడం. బల్ల వైపు చూడకుండా, గోడ మీది పెచ్చులూడిన సున్నాన్నే చూస్తూ, తొందరగా అయిపోతే చాలని పొయ్యి మీది గుండిగలోంచి మరుగుతున్న నీళ్లు ముంచి, చల్లనీళ్లు కలపకుండానే ముంత ఒంపబోయింది.

నానీ ఎడంచేత్తో ముంతని తోసేసింది. నీళ్లు నేల మీద పడి పొగలు కక్కాయి.

"కాల్తాదే ఆమెకి!"

"ఆమెకి ఎట్టా తెలస్తాది నానీ?"

"తెలవదని నీకెవురు చెప్పినారు? ముంజేతి మీద పోసుకుని చూడు. చంటిబిడ్డకి చూసినట్టు చూడాల."

అప్పుడు చూసింది ఇర్ఫానా ఆ మొహాన్ని. నిద్రపోతున్న మనిషి మొహమే. కాలుతుందని చెప్పలేని మనిషి. భయం పోలేదు గానీ దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది. మూడుసార్లు నీళ్లు పోశారు, ఆఖరిసారి కర్పూరం కలిపి. జుట్టు మూడు పాయలు చేసి ఇర్ఫానానే అల్లింది. చనిపోయినామె నిన్న రాసుకున్న కొబ్బరినూనె ఇంకా వేళ్లకి అంటింది. ఉన్నట్టుండి ఇర్ఫానాకి తోచింది, ఏదో ఒకరోజు ఇలాగే బల్ల మీద నానీ ఉంటుందని. పొద్దుటి నుంచి పడ్డ భయమంతా దాని ముందు దిగదుడుపే.

తిరిగొస్తూ ఆటోలో షాహిదాబీ అంది: "నాకు నువ్వే పొయ్యాల మే నీళ్లు. ముక్కూమొగం తెలవనోళ్ల చేతిలో నన్ను పెట్టబాక."

"నా వల్ల కాదు!" ఇర్ఫానా అరుపుకి ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

షాహిదాబీ బలవంతం చెయ్యలేదు. పిల్ల చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"నీకెప్పుడూ భయం వెయ్యలేదా నానీ?"

"నాకేం భయం? బతికినోళ్ల కంటే వాళ్లే నయం. వంకలు పెట్టేది లే, తిట్టేది లే," అని పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి తలస్నానం చేసి, "జుహర్ నమాజుకి లేపు మే" అని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఇర్ఫానా అన్నం వండింది. టమాటా పప్పు తాళింపు పెట్టింది. అజాన్ వినబడితే వెళ్లి పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. పొద్దున నేర్చుకున్న చల్లదనం అది. ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

వీధి ఆడవాళ్లంతా వచ్చారు. వచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగిపోయారు. నెల్లూరులో స్నానం చేయించే ఒకామె ఉందట, సాయంత్రానికి గానీ రాలేదట. ఫోన్లో షాహనా వెక్కివెక్కి ఏడుస్తూ, "నేను రాలేనే. నువ్వే ఉండావు మీ నానీకి," అంది. ఇర్ఫానాకి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. కానీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ దుప్పటి కింద చెయ్యి పెట్టడం తల్చుకుంటే అంతకంటే భయమేసింది.

"నెల్లూరామెకి ఫోన్ చెయ్యబాకండి. నేను చేస్తా," అంది.

ఇమాంబీ కర్ర ఊతంతో వచ్చి కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. ఇద్దరు నీళ్లందించారు. ఇర్ఫానా ఏడుస్తూనే, వణుకుతూనే, కుడివైపు నుంచి మొదలుపెట్టి ఏ ఒక్కటీ తప్పకుండా చేసింది. అసర్ నమాజు వేళకి మగవాళ్లు జనాజా భుజాన ఎత్తుకున్నారు. వాకిట్లో నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసింది.

లోపలికొచ్చి మంచం మీది పక్కబట్టలు తీసింది. దిండు ఎత్తింది.

దాని కింద చిన్న చాకు ఉంది. నిద్రలో ఉలిక్కిపడే పసిపిల్లల తలకింద, పీడకలలు రాకుండా తల్లులు పెట్టే ఇనప చాకు. అంచంతా తుప్పు పట్టింది. పిడికి చుట్టిన గుడ్డ మాత్రం, రాత్రిళ్లు నానీ వేళ్లు గట్టిగా పట్టుకున్న చోట, నల్లగా నిగనిగలాడుతోంది.