సైరన్ కంటే ముందే

శుక్రవారం మధ్యాహ్నం బాత్రూములో పీట వేసుకుని టాయిలెట్ పేపరు ముక్కలు చేస్తున్నాను. ఇవాళ సాయంత్రం నుంచి రేపు రాత్రిదాకా మా యూదులకి సబ్బాతు, విశ్రాంతి రోజు. అప్పుడు నిప్పూ స్విచ్చూ ముట్టకూడదు, ఏదీ చింపకూడదు, ఆఖరికి ఈ కాగితం కూడా. మా పుట్టింట్లో ఈ పట్టింపు లేదు. హైఫాలో మా నాన్న శనివారం పొద్దున ప్రార్థనకి వెళ్ళొచ్చి, భోంచేసి, హాయిగా రేడియో పెట్టుకునేవాడు. దేవుడు ఆయన మీద అలిగినట్టు ఎప్పుడూ కనబడలేదు. మా ఆయన ఎల్కానా కూడా మొదట్లో అలాంటివాడే. ఈమధ్య ఏవో ప్రవచనాల్లో చేరి వారానికో కొత్త నియమం ఇంటికి తెస్తున్నాడు. నియమం ఆయనది, చాకిరీ నాది.

"పనులన్నీ ముందే అయిపోవాలి పెనీనా, అప్పుడే అసలైన విశ్రాంతి" అంటాడు సోఫాలో పడుకుని. అప్పటికే ఆయన విశ్రాంతి మొదలై చాలాసేపయి ఉంటుంది.

నిజానికి సబ్బాతంటే నాకు ప్రాణం. దీపాలు వెలిగించి, అరచేతులతో కళ్ళు కప్పుకుని, దేవుడితో నా మాట నేను చెప్పుకునే నిమిషం అది. ఏ వారమూ దక్కదు. సబ్బాతు దీపాల వేళైందని జెరూసలేం అంతా సైరన్ మోగుతుంటే చేపల వాసన కొట్టే చేతులతో అగ్గిపుల్ల గీస్తాను. "ప్రభువా" అనగానే, బాయిలరు ప్లగ్గు పెట్టానా అని గుండె గుభేలుమంటుంది. కిందటి వారం ఆ బాయిలరు మాట పైకే అనేశాను. పక్కనే ఉన్న మా అత్తగారు బ్రూనియా భక్తిగా "ఆమేన్" అంది.

ఈ వారం కాగితాలు సగంలో వదిలేసి లేచాను. స్నానం చేసి, తెల్ల గౌను వేసుకుని, సైరన్‌కి అరగంట ముందే దీపాలు వెలిగించేశాను. ఆడది దీపం పెట్టగానే ఆమెకి సబ్బాతు వచ్చేసినట్టే. మగవాళ్ళకి మటుకు ప్రార్థన మొదలయ్యేదాకా మామూలు శుక్రవారమే. నేను కల్పించింది కాదు, ఆయన నియమాల్లోదే. తీరిగ్గా, కడుపునిండా మాట్లాడుకున్నాను దేవుడితో. చేతులు తీసేసరికి చెంపలు తడిసిపోయాయి.

"అప్పుడే వెలిగించావేంటి? రేపటి చిక్కుడు గింజల కుండ హాట్‌ప్లేటు మీద పెట్టనే లేదు! బాయిలర్లో నీళ్ళో?" ఎల్కానా సోఫాలోంచి దిగ్గున లేచాడు.

"నేనింకేం ముట్టుకోకూడదు. నాకు సబ్బాతు వచ్చేసింది. నీకింకా టైముందిగా!"

"అమ్మా! చూడమ్మా దీని వరస!"

"చూస్తూనే ఉన్నాన్రా" అంది అత్తగారు కుర్చీలో మోకాళ్ళు రాసుకుంటూ. "కోడలు చెప్పింది ధర్మమే. పోయి నీళ్ళు పట్టు."

ఇంత కాపురం చేశాక, హాట్‌ప్లేటు ఏ అల్మారాలో ఉంటుందని అడిగాడు మహానుభావుడు. నేను సోఫాలో కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఫ్రిజ్‌లో బల్బు తీశావా? తియ్యకపోతే రేపు తలుపు తెరిస్తే లైటు వెలిగి చస్తుంది" అని కేకేసింది అత్తగారు.

"అదీ నేనేనా!"

"మరి నేనా?"

బల్బు తీసి, హాట్‌ప్లేటుకి చెయ్యి కాల్చుకుని, మిగిలిన కాగితాల కోసం బాత్రూములోకి పరిగెత్తాడు. లోపల్నుంచి చరచరా చింపుతున్న చప్పుడు. "ఇంత పనుంటుందని ఆ ప్రవచనాల్లో ఒక్కడూ చెప్పలేదు!" అన్న గొణుగుడు.

ఇంతలో సైరన్ మోగింది. అత్తగారు లేచి గబగబా తన దీపాలు వెలిగించింది. బాత్రూము వైపు ఓసారి చూసి, వచ్చి నా పక్కన చతికిలబడింది. కొడుక్కి వినబడకుండా అంది:

"పెళ్ళైన్నాటి నుంచి దీపాలు వెలిగిస్తూనే ఉన్నానమ్మాయ్. దేవుడితో ఇంకా ఒక్క ముక్కా మాట్లాడలేదు. పై వారం నన్నూ పిలువు."