తోడు

పాలు గోరువెచ్చగా అయ్యాయి. తోడు వెయ్యడానికి మాత్రం సోమమ్మ ఇంట్లో చుక్క పెరుగు లేదు. నిన్న మొగుడి పార్టీవాళ్లు వచ్చి ఉట్టి మీది కుండ ఊడ్చుకు తిని పోయారు.

గిన్నె పట్టుకొని పక్కింటికి వెళ్లింది. కాపురానికి ఈ మోతె ఊరికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంటి తోడు ఈ ఇంటికి, ఈ ఇంటి తోడు ఆ ఇంటికి. ఇవాళ పక్కింటి ఆండాలు తడిక తియ్యలేదు.

"మా పెరుగు మీ పాలల్ల తోడుకోదు, పో అక్కా. మీరిప్పుడు సర్కారోళ్లు."

సోమమ్మ మొగుడు సైదయ్యది చిన్న పార్టీ. మిర్యాలగూడలో నలుగురు, కోదాడలో నలుగురు. అది పట్నంలో నిజాం మంత్రివర్గంలో కలిసి ఒక కుర్చీ తెచ్చుకుంది. కబురొచ్చిన రోజు సైదయ్య మీసం దువ్వుతూ అన్నాడు: "కుండెడు పాలకు తోడు చుక్కంతనే. మేం గా చుక్క. సర్కారునే తోడుపెడ్తం, సూడు."

సోమమ్మను ఎవరూ అడగలేదు. మీటింగులకు రొట్టెలు కొట్టింది, ఎంగిలి కంచాలు తోమింది. ఆ పార్టీలో ఆమె పేరు "ఏమే". రజాకార్లు ఊరంతా సోదా చేసి ఈ గడప ఒక్కటీ వదిలేసి పోయారు. ఆ మర్నాటి నుంచే బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి మాట ఆపేస్తున్నారు.

ఖాళీ గిన్నెతో వచ్చేసరికి సైదయ్య వాకిట్లో ఉన్నాడు.

"సూర్యాపేట నుంచి పోలీసు జమాదారొస్తుండు. కోడిని కొయ్యి. ఆండాలు మొగడు మల్సూరు సర్కారు మీద లేసిన సంఘంల తిరుగుతుండు గదా, రాత్రిపూట యాడ పండుతుండో నీకెరుకనే. జమాదారడిగితే చెప్పు. ఇగ మనం గూడ సర్కారే."

ఎరుకే. జొన్నచేను మంచె మీద. ఆండాలు కట్టే సద్దిలోకి తొక్కు వేసిచ్చింది తనే.

"తోడు ఏసేటోళ్లు రేపటికని ముందుగాల ఇంత తీసి పెట్టుకుంటరు," అంది సోమమ్మ. "మీరేం పెట్టుకున్నరు?"

సైదయ్య నవ్వాడు. "రాజ్యం ముచ్చట్లు నీకెందుకే? పాలు ఇరుగుతయ్, సూసుకో."

ఆమె కొంగు దోపుకొని గడప దిగింది.

"మళ్ల యాడికి?"

"తోడుకు."

"మరి గిన్నె?"

గిన్నె పొయ్యి దగ్గరే ఉంది. సోమమ్మ అప్పటికే పక్కింటి తడికకు నోరు ఆనించింది.

"ఆండాలూ, తలుపు తియ్యకున్నా మంచిదే, జర ఇను. ఇయ్యాల మంచె మీద ఎవ్వరూ పండొద్దు."