కాగితంలో సూరయ్య

ధనరాజ్‌ది విజయనగరంలో తాతలనాటి బట్టల కొట్టు. మనసు మాత్రం ఫోటోల మీద. ఆ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని ఇంట్లోవాళ్ళు చూస్తుంటే, పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టు, నూట ఎనభై ఏళ్ళ కిందటి దొరల పద్ధతి పట్టుకున్నాడు. కాగితానికి వెండి మందు పూసి కెమెరాలో పెట్టడం, ఎదుటి మనిషిని రెండు నిమిషాలు కదలకుండా నిలబెట్టడం. కాగితంలో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా పడుతుంది. ఆ నెగెటివ్‌ని ఇంకో కాగితం మీద పరిచి ఎండ చూపిస్తేనే అసలు బొమ్మ.

భోగాపురం తీరంలో రెండు నిమిషాలూ కదలకుండా నిలబడ్డవాడు జాలరి సూరయ్య ఒక్కడే. "మాయమ్మకి సూపించి తెస్తాను బాబూ" అని, అసలు బొమ్మ తియ్యకముందే నెగెటివ్ పట్టుకుపోయాడు. ఆ వారమే వేటలో పడవ బోల్తాపడింది. నలుగురు ఈదుకొచ్చారు. సూరయ్య రాలేదు, శవమూ దొరకలేదు.

రెండు నెలలైనా తల్లి జగ్గమ్మ కంట చుక్క రాలలేదు. కొడుకు ఏ ఒడిశా ఒడ్డునో ఉన్నాడంటుంది. కర్మ చెయ్యనివ్వదు. చివరికి కోడలు రాణి ధనరాజ్‌కి ఫోన్ చేసింది.

"ఫోటోకి దండేస్తే గానీ మాయత్త నమ్మదు బాబూ. ఏడిస్తే బతుకుతాది. లేపోతే ఆడెనకే పోతాది."

పెళ్ళి ఆల్బం తుపానులో నానిపోయింది. ఆధార్ కార్డులో మొహాన్ని కట్టుకున్న పెళ్ళామే ఆనవాలు పట్టలేదు. ఇక మిగిలింది ఆ నెగెటివ్ ఒక్కటే. ధనరాజ్ సామానంతా సర్దుకుని బయల్దేరాడు.

వెళ్ళేసరికి జగ్గమ్మ నెగెటివ్‌ని ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ తలకి కొబ్బరినూనె రాస్తోంది. ధనరాజ్ గబగబా దగ్గరికి వెళ్ళాడు.

"ఏటమ్మా ఇది! పాడైపోదూ?"

"ఏటి సెయ్యమంటావు? ఎన్నాళ్ళు ఉప్పునీట్లో నానాడో, మా గుంటడి జుట్టు తెల్లబడిపోనాది. దినామూ రాస్తన్నాను."

అతను మెల్లగా ఆమె ఒళ్ళోంచి నెగెటివ్ అందుకున్నాడు.

నెగెటివ్ పాడవలేదు సరికదా, నూనె పట్టిన చోట వెలుగు ఇంకా బాగా దూరింది. దొరలు మైనం పూసేది ఇందుకే. వాకిట్లో దాన్ని ఇంకో కాగితం మీద పరిచి ఎండలో పెట్టి, ఆ కాగితాన్ని కడిగి తీశాడు. సూరయ్య ఎదురుగా నిలబడ్డట్టే ఉన్నాడు. రాణి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తరవాత లేచి, కనకాంబరాల దండ తెచ్చింది.

జగ్గమ్మ బొమ్మ అందుకుని చాలాసేపు చూసింది. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. రెండు నెలల్లో మొదటిసారి ఆమె నవ్వింది.

"నూనె పనిసేసినాదే రాణీ! సూడు, మల్లా నల్లబడిపోనాది. ఇంక వచ్చెస్తాడు. ఆ దండ నీ తల్లో పెట్టుకోయే, ఆడొచ్చేసరికి బోసి తలతో ఉంటావేటి?"

రాణి ధనరాజ్ వంక చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె దండ తలలో పెట్టుకుంది.