ఆఖరు తేదీ అడిగిన ఆదివారం

ఈ ఏడు ఆఖరు తేదీ ఏప్రిల్‌లోనే వచ్చేశాడు. తెనాలిలో మందుల షాపు మీదున్న తన ఆఫీసు తాళం హైమావతి తీసేసరికి, లోపల క్లయింట్ల బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏటేటా పొడిగించి పొడిగించి మనిషి బాగా సాగిపోయాడు. కూర్చున్నా తల సీలింగుకి తగులుతోంది. అందుకని మెడ వంచి ఫ్యాను పక్కన పెట్టుకున్నాడు.

"మీరు జులైలో కదండీ రావాలి," అంటుంది హైమావతి, ఫ్యాను స్విచ్చి మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"జులైలో మీకు తీరిక ఉండదు కదా అని."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పాతికేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులన్నీ ఆవిడే వేసిపెడుతోంది. జులై వచ్చిందంటే అన్నం తిన్నదీ లేనిదీ చెయ్యి వాసన చూసుకుని తెలుసుకోవాలి. ఈసారి జులై దాకా కూడా ఆగేట్టు లేదు. కొత్త చట్టం వచ్చింది. పాత సెక్షన్లన్నిటినీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. అవి వేరే ఎక్కడికి పోవాలో తెలియక ఆవిడ ఆఫీసు మెట్ల మీద చేరాయి. పొద్దున పైకి వస్తుంటే జీవిత బీమా చూసుకునే పాత సెక్షను ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "నన్ను నిద్రలో కూడా అప్పజెప్పేదానివి కదమ్మా," అని ఏడ్చింది. కొత్త సెక్షన్లు ఇంకా మొహం చూపించలేదు. వెబ్‌సైటు తెరిస్తే మధ్యలో సున్నా ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది, అంతే. క్లయింట్లు మాత్రం ఎప్పట్లాగే కాగితాలు ఫొటోలు తీసి ఫోనుకి పంపిస్తున్నారు, సగం కాగితం, సగం బొటనవేలు.

"సరే, చెప్పండి, ఏం పనిమీద వచ్చారు?"

ఆఖరు తేదీ సంచీలోంచి కత్తెర తీసి బల్ల మీద పెడతాడు. బట్టల కొట్టువాళ్ళు వాడే పెద్ద కత్తెర. "మీ వాళ్ళంతా గడువు పొడిగించమని అప్పుడే అర్జీ పెట్టుకున్నారు. పొడిగించాలంటే రోజులు కావాలి కదండీ. అవి గాల్లోంచి రావు. అడిగినవాళ్ళ దగ్గరే తీసుకోవాలని రూలు."

"అయితే వాళ్ళ దగ్గరికే వెళ్ళండి."

"వచ్చింది వాళ్ళ దగ్గరికేనండి. అందరి ఖాతాల్లోనూ ఉన్న నంబరు మీదే."

హైమావతి కుర్చీలో కూర్చుంటుంది. నిజమే, అది తను చేసిన పనే. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు చాలామంది చేసే పనే. పన్ను వెబ్‌సైటులో క్లయింటుకి ఖాతా తెరిచేటప్పుడు ఆయన ఫోను నంబరు ఇస్తే ఇక చూసుకోవాలి. ఓటీపీ వచ్చేసరికి ఆయన పెళ్ళి భోజనంలో ఉంటాడు, ఫోను మనవరాలి దగ్గరుంటుంది, కళ్ళజోడు వెతుక్కుని అంకెలు చదివేలోపు ఓటీపీ ఆయుష్షు తీరిపోతుంది. ఈ తంటా ఎందుకని అందరికీ తన నంబరే ఇచ్చేసింది. అందరి ఓటీపీలూ తనకే వస్తాయి, పని చిటికెలో అయిపోతుంది. వాళ్ళూ సంతోషించారు. తమ పేరున ఒక ఖాతా ఉందన్న సంగతే మర్చిపోయేంతగా సంతోషించారు.

"సౌకర్యంగా ఉంటుందని ఇచ్చానండీ," అంటుంది.

"రోజులు తీసుకునేదీ సౌకర్యం కోసమేనండి," అంటాడు ఆఖరు తేదీ. "మూడేళ్ళ నుంచీ తీసుకుంటూనే ఉన్నాం. మీరెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు."

మూడేళ్ళ నుంచీ ఆగస్టు నెలలు ఎలా గడిచాయో తనకెందుకు గుర్తులేదో ఆవిడకి ఇప్పుడు తెలుస్తుంది. వినాయకచవితికి పత్రి కొన్నట్టు గుర్తు, పూజ చేసినట్టు లేదు. ఒళ్ళు మండిపోతుంది.

"ముందుముందు నాకు రాబోయే రోజులున్నాయి, అవి పట్టుకెళ్ళండి."

"చూశామండి. అన్నీ ఆఫీసు రోజులే. అటువంటివి ఇస్తే జనం ఊరుకోరు." ఆఖరు తేదీ మెడ సాచి గదంతా చూస్తాడు. చూపు మూలనున్న ఇనప బీరువా దగ్గర ఆగుతుంది. "కింది అరలో ఒక ఆదివారం ఉందటగా."

ఉంది. పాత ఫైళ్ళ వెనక, తువ్వాలులో చుట్టి పెట్టుకుంది. పెళ్ళైన కొత్తలో భర్త ముకుందరావుతో కలిసి సూర్యలంక సముద్రానికి వెళ్ళిన ఆదివారం అది. ఆయన పోయి ఏడేళ్ళవుతోంది. ఆయనతో కాపురం చేసిన రోజుల్లో, పని మీద కాకుండా, ఎవరి పెళ్ళికో చావుకో కాకుండా, ఊరికే ఇద్దరూ కలిసి వెళ్ళింది ఆ ఒక్కసారే. పొద్దున బస్సెక్కారు. బస్సులో ఆయన ఆవిడ వైపు వంగి ఒక మాట చెప్పాడు. బాపట్ల దాటాక బస్సు ఆగిపోతే దిగి నడిచారు. మధ్యాహ్నమంతా సముద్రం. రిటర్నుల రోజుల్లో మరీ చిరాకు పుట్టినప్పుడు హైమావతి బీరువా తలుపు కొంచెం తీసి, తువ్వాలు ఎత్తి, ఆ మాట ఒక్కసారి విని, మళ్ళీ మూసి వచ్చి కూర్చుంటుంది.

"అది ఇవ్వను," అంటుంది.

"ఇచ్చే అవసరం లేదండి. మీ నంబరుకి ఒక ఓటీపీ వస్తుంది, అంతే."

బల్ల మీద ఫోను మోగుతుంది. ఆవిడ ముట్టుకోదు. కానీ ఇన్నేళ్ళ అలవాటు ఊరుకోదు. ఫోను మోగితే ఆవిడ నోరు అంకెలు చదువుతుంది. చదివేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి ఆఖరు తేదీ చెయ్యి సాగి, తాళం వేసిన బీరువాలోకి తాళం కన్నంలోంచే దూరి, ఆదివారాన్ని బయటికి లాగి, పొద్దుటి భాగాన్ని కత్తిరించేస్తుంది. మిగిలిన మధ్యాహ్నాన్ని మర్యాదగా మడతపెట్టి తువ్వాలులో చుట్టి లోపల పెట్టేస్తుంది.

"రసీదు వస్తుందండి," అంటాడు వెళ్తూ. "మీ నంబరుకే."

హైమావతి బీరువా దగ్గరికి పరుగెడుతుంది. మధ్యాహ్నం ఉంది. ఇసుక ఉంది, ఎండ ఉంది. బస్సులో ఆయన తన వైపు వంగడం గుర్తుంది. పెదాలు కదలడం గుర్తుంది. మాట లేదు.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద అంతా ఇసుక. పాత సెక్షన్లు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. పైన రిటైరైన లెక్చరరు చక్రపాణి, టైల్సు షాపు బాలకోటయ్య బెంచీ మీద చెప్పులు దులుపుకుంటున్నారు.

"పొడిగించిన రోజు భలే ఉందమ్మా," అంటాడు చక్రపాణి. "కిటికీ పక్కన సీటు. చల్లటి గాలి. ఎప్పుడు కునుకు పట్టిందో కూడా తెలియదు."

"రిటర్ను కాగితాలు తెచ్చారా మాస్టారూ?"

"తేవాలనే అనుకున్నానమ్మా. ఆ గాలికి నిద్ర పట్టేసిందని చెబుతున్నాగా."

"బస్సులో పక్కన ఒకాయన ఉన్నాడా? నీలం గళ్ళ చొక్కా?"

"ఉన్నాడున్నాడు. నెమ్మదస్తుడు. నావైపు వంగి ఏదో చెప్పాడు కూడా."

"ఏం చెప్పాడు?"

"నిద్రపోయాను తల్లీ."

హైమావతి బాలకోటయ్య వైపు తిరుగుతుంది. అతను ఫోనులోంచి తల ఎత్తుతాడు. "నాకూ చెప్పాడు మేడంగారూ. అప్పుడే లోడు వచ్చిందని షాపు నుంచి ఫోను. నేను సరేసరే అన్నా. ఏదో మంచి మాటే అయ్యుంటది, మనిషి నవ్వుతా చెప్పాడు."

"మీ కాగితాలు?"

"టైముందిగా మేడం. ఇంకో పూట పొడిగిస్తారంట. మధ్యాహ్నం ఇంకా బావుంటుందని చెప్పుకుంటన్నారు, సముద్రం కూడా వస్తదంట."

అప్పుడొస్తుంది ఆవిడకి కోపం. ఇన్నేళ్ళుగా మొహమాటం కింద తొక్కిపెట్టిన కోపమంతా ఒక్కసారిగా లేస్తుంది. దొంగ అద్దె రసీదులు తెచ్చి, అవతలి వీధి ఆడిటరైతే వేసేవాడమ్మా అన్నప్పుడు మింగిన కోపం, వాళ్ళు దాచిన సంగతులకి నోటీసు వస్తే నువ్వు చెప్పలేదేంటమ్మా అన్నప్పుడు మింగిన కోపం, ముకుందరావు ఆసుపత్రిలో ఉంటే వరండాలో ఉన్న తనకి ఫోను చేసి నా రిఫండు ఏమైందని అడిగినప్పుడు మింగిన కోపం. తన ఆదివారాన్ని పట్టుకెళ్ళి అందులో నిద్రపోయారు. దొంగిలించినవాళ్ళు దాన్ని సరిగ్గా చూసినా ఇంత బాధ ఉండేది కాదు.

"బయటికి నడవండి," అంటుంది.

"మేమేం చేశామమ్మా?" అంటాడు చక్రపాణి. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. అది ఆవిడని ఇంకా మండిస్తుంది.

"కావాల్సివస్తే మీ రోజుల్లో ఒకటి ఇవ్వండి మాస్టారూ."

"మా రోజులు మేం వాడుకుంటున్నాం కదమ్మా," అంటాడాయన, పిల్లలకి పాఠం చెప్పినంత ఓపిగ్గా.

వాళ్ళు మెట్లు దిగుతుంటే ఆఖరు తేదీ ఎదురొస్తాడు. ఇవాళ ఇంకాస్త పొడుగయ్యాడు. మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మం దాటి, కత్తెర బల్ల మీద పెడతాడు.

"మధ్యాహ్నం కోసం వచ్చానండి."

హైమావతి మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెడుతుంది. గొంతులో చిరాకు ఆనవాలు కూడా లేదు. "తీసుకెళ్దురుగాని. ముందు మీ ఫోను నంబరు చెప్పండి."

ఆఖరు తేదీ మొహం విప్పారుతుంది. "నా నంబరాండీ? ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అందరూ నన్ను తిట్టుకునేవాళ్ళే." ఒక్కొక్క అంకే ముద్దుగా చెబుతాడు.

ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంటుంది. తిరుగుతున్న సున్నాని వేలితో పట్టి ఆపుతుంది. చక్రపాణి ఖాతా తెరిచి తన నంబరు తీసేసి ఆఖరు తేదీ నంబరు పెడుతుంది. తర్వాత బాలకోటయ్యది. తర్వాత ఊళ్ళో మిగిలిన అందరివీ. ఒక్కొక్కరికీ ఆయన ఫోను మోగుతుంది. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా శ్రద్ధగా అంకెలు చదివిపెడుతూ ఉంటాడు. మధ్యాహ్నానికి ఆయన గొంతు బొంగురుపోతుంది. సాయంత్రం దాకా ఆవిడ తలెత్తదు.

"ఇంతకీ ఎందుకండీ ఇవన్నీ?" అంటాడు చివరికి.

"అయిపోయిందండీ. ఇక మీ మధ్యాహ్నం మీరు తీసుకోండి."

ఆయన కత్తెర తీస్తాడు. కత్తెర బీరువా వైపు పోదు. అందరి నంబరూ ఇప్పుడు ఆయనదే కాబట్టి ఆయన వైపే తిరిగి, బూట్లు కత్తిరించుకుపోతుంది. తలవైపు ఆయన ఒక రోజు పొడుగవుతాడు. కింద వీధిలో జనం చప్పట్లు కొడతారు. ఇంకో పూట కావాలని అరుస్తారు. ఆయన ఫోను మోగుతుంది, ఆయన నోరు అంకెలు చదివేస్తుంది, కత్తెర పాదాలు తీసుకుంటుంది.

"మేడంగారూ, ఇది అన్యాయం."

"అర్జీ పెట్టుకోండి."

"ఏ నంబరుకి?"

"మీ నంబరుకే," అంటుంది హైమావతి.

ఆయన ఆలోచిస్తాడు. అది సబబుగానే తోచి, మోకాళ్ళ దాకా పోయిన కాళ్ళని చూసుకుంటూ అర్జీ రాయడం మొదలుపెడతాడు. ఆవిడకి జాలి రావాలి. రాదు. పళ్ళు కొరుకుతూ లేచి, షట్టరు దించి, బీరువా తెరుస్తుంది.

కింది అరలోంచి సముద్రపు గాలి వస్తుంది. హైమావతి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వంగి లోపలికి దిగుతుంది. తలుపు వెనక నుంచి దగ్గరగా లాక్కుంటుంది. ముకుందరావు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, నీలం గళ్ళ చొక్కాలో, తడి ఇసుక మీద నిలబడి ఉన్నాడు.

"పనైపోయిందా హైమా?"

"అయిపోయిందండీ."

ఆయన అటూ ఇటూ చూస్తాడు. బస్సు లేదు, బస్సు వచ్చిన రోడ్డు లేదు. "మనం ఇక్కడికి ఎలా వచ్చాం?"

"బస్సులో. మీరు నాకొక మాట చెప్పారు."

"చెప్పానా? ఏం చెప్పాను?"

హైమావతి ఇసుకలో కూర్చుని, పోయిన పొద్దుటిని చేతులతో కట్టడం మొదలుపెడుతుంది. తడి ఇసుకతో తెనాలి బస్టాండు కడుతుంది. బస్సు కడుతుంది, కిటికీ పక్కన సీటు కడుతుంది, దాని పక్కన వంగిన మనిషిని కడుతుంది. అన్నిటికన్నా ఆఖరున, పెదాలు ఎలా కదిలాయో గుర్తు చేసుకుంటూ, నోరు చేస్తుంది. ముకుందరావు పక్కన గొంతుక్కూర్చుని, అది తన నోరేనని తెలియనట్టు చూస్తుంటాడు.

ఇసుక నోరు తెరుచుకుంటుంది. అల వచ్చి దాన్ని నింపేస్తుంది. ఆవిడ వేళ్ళతో నీళ్ళు తోడిపోసి చెవి ఆనిస్తుంది. మళ్ళీ అల వస్తుంది, మళ్ళీ తోడుతుంది. వెనక ఊరు ఊరంతా బీరువా తలుపు బాదుతోంది. మేడంగారూ, మేడంగారూ అని పిలుస్తోంది. మధ్యలో ఎక్కడో సన్నగా, నడుము దాకా తెగిపోయిన మనిషి గొంతు ఒకటి అంకెలు చదువుతోంది.

"ఆగండి," అంటుంది హైమావతి, తల తిప్పకుండా. పాతికేళ్ళలో ఆ మాట వాళ్ళతో అనడం ఇదే మొదటిసారి. "ఆయన ఇంకా చెప్పలేదు."

ఇసుక నోరు గొంతు సవరించుకుంటుంది.