అమ్మ కొట్టిన మేకు

నాలుగో కట్ట తునికాకు కత్తిరిస్తుండగా గోడ అవతల ఎవరో అంకెలు చదవడం వినపడింది. కొలత రేకును ఆకు మీద పెట్టి, అంచు వెంబడి కత్తెర తిప్పడం నా పని. బీడీలు చుట్టేది మా అమ్మ శంకరమ్మ, పక్కింటి గంగుబాయి. ఎండాకాలమంతా ముగ్గురం గోడ అవతలి వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళం. అక్కడి చెరుకు చేను ప్లాట్లవుతోంది. నెల కింద చేనంతా మొరం, ఎర్ర గులకమట్టి, పోశారు; కూర్చోవడానికి లేకుండా పోయింది. అప్పటినుంచి ఇంట్లో రేకుల కిందే పని. మధ్యాహ్నానికి ఆకు ఎండి, చుట్టబోతే చిట్లుతోంది. చెట్టు మిగిలితే మళ్ళీ నీడకు పోవచ్చని అమ్మ ఆశ.

"మున్సిపాలిటీ పిలగాడొచ్చిండు. చెట్లు రాస్తుండు," అంది గంగుబాయి, గోడ మీంచి తొంగిచూసి.

అమ్మ చాట పక్కన పెట్టి నడిచింది. కత్తెర చేతిలోనే ఉంచుకుని నేను, నా వెంట గంగుబాయి వెళ్ళాం.

ఆ ఉద్యోగి పేరు మహేందర్. ఒక చేతిలో టేపు, ఒక చేతిలో ఫారం. చుట్టుకొలత మూడడుగులు దాటిన చెట్టును లేఅవుట్‌లో అలాగే ఉంచాలట. అంతకు తక్కువైతే కొట్టేసి, బదులుగా మొక్కలు నాటాలట. మా వేపకు ఆయన టేపు రెండుసార్లు చుట్టాడు.

"రెండు చెట్లు. రెండూ సన్నయే," అని రాసుకున్నాడు.

"ఒక్క చెట్టును రెండు జేస్తివి గదా బిడ్డా!" అంది అమ్మ.

"ఛాతీ ఎత్తుల కొలవాలె అవ్వా, రూలు గట్లుంది. గా ఎత్తుకు ఇది రెండుగ చీలింది. నేనేం జేస్త? దీని బదులు పది మొక్కలు పెట్టిస్తం."

"అయి నీడిచ్చేటాల్లకు మేం పైన దేవునికి బీడీలు సుడ్తుంటం," అంది గంగుబాయి.

మహేందర్‌కూ నవ్వొచ్చింది. పెన్ను మాత్రం ఆగలేదు. అమ్మ నావైపు తిరిగింది.

"సదువుకున్నదానివి, జెర నోరు తెరువరాదే!"

నేను చెట్టునే చూస్తున్నాను. మొదలుకు ఒక మేకు ఉంది. తడి గోనెలో చుట్టిన ఆకు సంచిని అమ్మ దానికే తగిలించేది. వంగకుండా, చెయ్యి ఎత్తకుండా అందాలని తన ఛాతీ ఎత్తుకు కొట్టుకుంది. ఇప్పుడా మేకు నా తొడ దగ్గర ఉంది.

"అన్నా," అన్నాను. "ఛాతీ ఎత్తు ఏడికెల్లి కొలుస్తరు?"

"నేలకెల్లి."

"ఇది నేల గాదన్నా. మొరం."

ఆయన కాళ్ళకింద చూసుకున్నాడు. నేను ఇంట్లోంచి గడ్డపార తెచ్చి మొదలు పక్కన తవ్వడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, ఫారం గంగుబాయి చేతికిచ్చి గడ్డపార ఆయనే అందుకున్నాడు. రెండడుగులు దిగేసరికి ఎర్రమొరం అయిపోయి నల్లమట్టి వచ్చింది. దానిమీద పరిచినట్టు, మేం కత్తిరించి పారేసిన ఆకు ముక్కలు.

అమ్మ ఒక ముక్క తీసి మట్టి దులిపింది. "సూడు, గీ వంకర కోత నీదేనే!"

మహేందర్ గుంతలో దిగి, నల్లమట్టి మీద నిలబడి టేపు పైకి లాగాడు. ఛాతీ ఎత్తు సరిగ్గా మేకు దగ్గరికి వచ్చింది. చీలిక దానికి జానెడు పైన ఉంది. అక్కడ టేపు చుట్టాడు.

"నాలుగడుగుల రెండంగుళాలు."

ముందు రాసినవి కొట్టేసి, ఒకటే చెట్టు, ఉంచాలి అని రాశాడు. "మొదలు సుట్టు మొరం గూడ తీయిస్త. లేకుంటే ఇది ఊపిరాడక సస్తది," అన్నాడు.

"గా టేపు మా పిల్లకియ్యి. నువ్వొచ్చి మాకు ఆకు కొయ్యి," అంది గంగుబాయి, ఫారం తిరిగి ఇస్తూ.

నాలుగోనాడు లేఅవుట్ మనుషులు వచ్చి మొరం ఎత్తేశారు. మేకు మళ్ళీ అమ్మ ఛాతీ ఎత్తుకు వచ్చింది.

మా అమ్మ గడప దాటితే అప్పగింతలు లేకుండా దాటదు. పొయ్యి మీద పప్పు చూడు, తలుపు దగ్గరికెయ్యి, కోడిని తోలు. మర్నాటి పొద్దున నేను ఆకు తడుపుతుంటే వచ్చి, తడి సంచి నా చేతిలోంచి తీసి భుజాన వేసుకుంది. చాట చంకన పెట్టుకుంది. ఒక్క అప్పగింతా చెప్పకుండా వేపచెట్టు కిందికి వెళ్ళిపోయింది.