ఆరు గంటల పొద్దు

రాజారత్నానికి ముందు వాసన తగిలింది. అనుమానం తర్వాత వచ్చింది.

తొంభై ఒకటి మార్చి నెల. మూడున్నర నెలల పచ్చకామెర్లు తగ్గి, రేపల్లెలో చెల్లెలు కాంతమ్మ ఇంటి నుంచి తిరిగొచ్చి, బాపట్ల బయట ఉన్న వ్యవసాయ క్షేత్రంలో తన బల్ల ముందు కూర్చున్న మొదటి రోజు. నోటి చేదు ఇంకా పూర్తిగా వదల్లేదు. టీ వాసనకీ, ఎదుటి మనిషి తలనూనె వాసనకీ కూడా కడుపులో తిప్పుతోంది. అందుకే నవంబరు కార్డుల కవరు విప్పగానే గుప్పున కొట్టిన గంధం అగరవత్తి వాసనని మొదట తన జబ్బు మీదికే తోసేశాడు.

ఎండని కొలవడం ఆయన ఉద్యోగం. డాబా మీద ఇత్తడి గిన్నెలో ఒక గాజు గుండు ఉంటుంది. దాని వెనక, గంటల గీతలున్న నీలం అట్టకార్డు ఒకటి దూర్చాలి. ఎండ కాసినంతసేపూ గుండు ఆ కార్డు మీద సన్నటి చారలా కాలుస్తూ పోతుంది. మబ్బు పడితే చార ఆగుతుంది. పొద్దుగూకాక ఆ కార్డు తీసి మర్నాటికి కొత్తది పెట్టాలి. చార పొడవు కొలిచి, ఎన్ని గంటలు ఎండ కాసిందో రిజిస్టరులో రాయాలి. పదమూడేళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. పెళ్లి కాలేదు. స్నేహితులంటూ లేరు. మనుషులు మాట్లాడుతుంటే వాళ్ల మాటల కింద ఏం కావాలని అడుగుతున్నారో వినపడుతుంది ఆయనకి. వినపడి రోత పుడుతుంది. కార్డు అలా కాదు. దానికీ సూర్యుడికీ నడుమ మనిషి లేడు. తన బతుకులో మురికి అంటని చోటు అదొక్కటేనని ఆయన నమ్మకం.

నవంబరు కార్డులు బల్ల మీద పరిచాడు. తను మంచం పట్టిన నాటి నుంచి అన్నీ పొద్దుటి ఆరో గీత దగ్గర మొదలై సాయంత్రం ఆరో గీత దగ్గర ఆగాయి. డిసెంబరువీ అంతే. జనవరివీ, ఫిబ్రవరివీ అంతే. ఒక్క దాని మీదా మబ్బు లేదు.

చలికాలంలో ఏడు కావస్తేగాని కార్డు కాలదు. జూన్‌లో ఆరు కాకముందే అంటుకుంటుంది. సూర్యుడు ఏడాది పొడుగునా ఒక దారిన నడవడు గనకనే కార్డులు మూడు రకాలు చేశారు: వేసవికి పొడుగాటి వంపుది, చలికాలానికి పొట్టి వంపుది, నడిమి నెలలకి తిన్ననిది. ఈ మధ్య మంచం మీద పడి ఉన్నప్పుడు కూడా ఆయన చూసింది అదే. కాంతమ్మ ఇంటి తూర్పు కిటికీలోంచి పడే ఎండ పలక ఎదుటి గోడ మీద రోజుకింత ఉత్తరానికి జరుగుతూ పోయి, డిసెంబరు చివర మూల బీరువా దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి మళ్లింది. బార్లీ నీళ్లు వాంతి చేసుకుంటూ, ఆ పలకని చూసి ఇవాళ బాపట్లలో కార్డు ఇక్కడ అంటుకుని ఉంటుంది అని లెక్క కట్టుకునేవాడు. మూడున్నర నెలలూ అదే ఆయనకి మందు.

ఆ మందు ఇప్పుడు గొంతులోకి తన్నుకొచ్చింది.

"కొండయ్యా."

తన బదులు పని చూసిన అటెండరు కొండయ్య తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. యాభై దాటినవాడు, కంగారు పడని మనిషి.

"ఇవేంటి?"

"కార్డులండి."

"ఎవరు కాల్చారు?"

"ఎవరు కాలుస్తారండీ, సూర్యుడు."

"సూర్యుడు అగరొత్తి పట్టుకుని వచ్చాడా?"

కొండయ్య మెడ గోక్కున్నాడు. పక్క గదిలో ఆఫీసరు నరసింహారావు గారు రోజూ బల్ల మీద పటానికి వెలిగించే అగరవత్తి మీద అతని చూపు ఒకసారి పడి వచ్చింది.

"మా ఊరి బస్సు అయిదింటికండి. పొద్దుగూకిందాకా కూచుంటే నడిచి పోవాలి. అందుకని శనివారం శనివారం ఏడు కార్డులూ ఒక్కపెట్టున కానిచ్చా."

"పోనీ. ఆరింటి దగ్గరే ఎందుకు మొదలెట్టావు అన్నిట్నీ?"

"పొద్దు పొడిచేది ఆరింటికే గదండీ." ఈసారి కొండయ్య నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఆరింటికి పొడుస్తది, ఆరింటికి గూకుద్ది. పగలు పన్నెండు, రాత్రి పన్నెండు. బళ్లో చెప్పలా?"

"డిసెంబరులో ఆరింటికి లేస్తే నీకు చీకటిగా ఉండదా?"

"మంచు అండీ అది. చలికాలం మంచు అడ్డం పడుద్ది. పొద్దు మాత్రం వెనకాల వచ్చేసే ఉంటది."

రాజారత్నం అతని మొహంలోకి చూశాడు. యాభై ఏళ్లు ఈ మనిషి రోజూ పొద్దున్నే లేచి, తూర్పుకి తిరిగి పళ్లు తోముకుని, పొద్దు ఎప్పుడు పొడుస్తుందో ఒక్కనాడూ చూడలేదు. కంటికి కనపడేదాన్ని మంచు కింద తోసేసి, బళ్లో విన్న మాటని పట్టుకుని ఉన్నాడు. ఆ గారపళ్లు, చొక్కా జేబు మీది తాంబూలం మరక, అన్నీ ఒకే ముద్దగా కనిపించాయి రాజారత్నానికి.

"ఇది దొంగతనం. నేను సంతకం పెట్టను. కాగితం రాసి ఆఫీసరు గారికిస్తా."

"ఇయ్యండి." కొండయ్య గొంతు పెరగలేదు. "తమరి దగ్గర నేర్చిందే అని నేనూ చెబుతా."

"నా దగ్గరా?"

"ఎనభై నాలుగులో, జూన్‌లో. పెళ్లిచూపులకని తెనాలి వెళ్లి మర్నాడు మజ్జాన్నం వచ్చారు చూడండి. నేను టీ తెచ్చి ఈ గుమ్మంలోనే నిలబడ్డా. తమరు వెనక్కి తిరగలా. అబ్బో, ఏం పనితనమండీ. కాల్చి, దూదితో అద్ది, ఊది. తమరు చేస్తే పనితనం, నేను చేస్తే దొంగతనం."

అతను వెళ్లిపోయాడు. రాజారత్నం అదంతా అబద్ధమనడానికి నోరు తెరిచాడుగాని, ఆ గది, ఆ దూది, వేలికి అంటిన మసి, అన్నీ వరసగా లేచి కూర్చున్నాయి. ఏడేళ్లుగా ఎక్కడ దాక్కున్నాయో. మర్చిపోయాడని కూడా అనలేం. వాటి వైపు తిరిగి చూడలేదు, అంతే.

తెనాలిలో హైమావతి అనే టీచరమ్మని చూడడానికి వెళ్లాడు. ఆవిడ మేనమామ ప్రకాశరావు, "అయితే అల్లుడుగారూ, పొద్దు పొడిచిందా లేదా చూడ్డానికి జీతమిస్తున్నారా సర్కారోళ్లు?" అని పడీ పడీ నవ్వాడు. రాజారత్నమూ నవ్వాడు. సంబంధం కుదురుతుందని ఆశపడి ఆ పూట అక్కడే ఉండిపోయాడు. కుదరలేదు. తిరిగొచ్చేసరికి మార్చని కార్డు మీద రెండు రోజుల చారలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దాన్ని చించేసి రెండు కొత్త కార్డులు తీశాడు. ఆ రెండూ జూన్ కార్డులు. చార మొదలయ్యే చోటు తెలుసు, చివర సన్నబడే తీరు తెలుసు. ముందు రోజుది నిండుగా, రెండోది ఆ మధ్యాహ్నం దాకా కాల్చి, నడుమ రెండు చోట్ల ఆపి, ఆకాశంలో లేని మబ్బులు కూడా పెట్టాడు.

కొండయ్య చేసింది తెలివితక్కువ పని, ఎవడైనా పట్టేస్తాడు. తను సూర్యుణ్ణి చదువుకుని, ఆ చదువంతా పెట్టి చేశాడు. రాజారత్నానికి నోట్లో ఊరిన పైత్యం ఇప్పుడు జబ్బుది కాదు.

ఆ రెంటినీ చించి పారేస్తే చాలనుకున్నాడు. స్టోర్‌రూములోకి వెళ్లి, ఎలకలు కొరికిన కట్టల్లోంచి ఎనభై నాలుగు జూన్ కట్ట తీసి, కిటికీ దగ్గర విప్పాడు. ఒక్కొక్క కార్డునీ వెలుతురుకి పెట్టి చూశాడు. వాసన చూశాడు. పాత అట్ట వాసన తప్ప ఏదీ లేదు. మబ్బు ఖాళీలు చాలా కార్డుల్లో ఉన్నాయి, నైరుతి రుతుపవనాల నెల గనక. తెనాలి వెళ్లింది మొదటి వారమో చివరి వారమో కూడా గుర్తుకు రాలేదు. వెతికిన కొద్దీ ప్రతి కార్డూ తన చేతిదే అనిపించింది, ప్రతిదీ కాదనిపించింది. చూపుడువేలి గోటితో ఒక కార్డు అంచు గీరాడు. అది నిజమైన ఎండే అయి ఉంటే ఆ గీరడం కూడా ఒక పాపమే. తను చేసినదాన్ని తనే పోల్చుకోలేకపోతున్నాడు. ఎంత బాగా చేశాడో అన్న చిన్న గర్వం ఒకటి ఆ రోతలోంచి తల ఎత్తడం గమనించి, కట్ట కింద పెట్టేసి, కుళాయి దగ్గరికెళ్లి కడుపులో ఉన్న కాస్తా కక్కుకున్నాడు.

నాలుగింటికి నరసింహారావు గారి గదిలోకి వెళ్లి చలికాలం రిజిస్టరూ, జూన్ ఎనభై నాలుగు రిజిస్టరూ బల్ల మీద పెట్టాడు.

"సంతకం పెట్టావా రాజారత్నం? రేపు పైకి పంపాలయ్యా ఇవి."

"నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా నమోదు లేదని రాశానండి. కార్డులు ఉత్తుత్తివి."

"కొండయ్య పనేనా? వెధవ." ఆయన విసుక్కున్నాడుగాని పెద్దగా ఆశ్చర్యపోలేదు. "సరే, అబ్జర్వరు జబ్బుపడ్డాడని రాద్దాం. మరి ఈ పాత పుస్తకమెందుకు?"

"ఇందులో రెండు రోజులు నేను కాల్చినవి."

"ఏ రెండు రోజులు?"

"తెలీదండి."

నరసింహారావు గారు కుర్చీలో వెనక్కి వాలి ఆయన్ని పరీక్షగా చూశారు. "ఏ రోజో తెలీనిదాన్ని ఎట్టా దిద్దుతాం? ఆ పుస్తకం పంపించి ఏడేళ్లైంది. మూసి లోపల పెట్టెయ్. కామెర్లు తలకెక్కినయ్యా ఏంటి నీకు?"

"నెల మొత్తం కొట్టెయ్యాలండి."

"జూన్‌లో ముప్పై రోజులు ఎండ లేదంటే నవ్వి పోతారయ్యా. మిగతా ఇరవై ఎనిమిదీ నిజమేగా?"

"నిజమేనండి. ఏవో చెప్పలేను."

ఆయన ఇంకేదో అనేలోపే రాజారత్నం బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని, పేజీ ఈ కొన నుంచి ఆ కొనకి ఒక గీత గీశాడు. కింద పేరు రాసి, "నా అబద్ధం వల్ల" అని రాశాడు. ఎర్ర సిరా కింద ఇరవై రెండో తారీకు అంకె ఇంకా కనపడుతోంది. ఏడాదిలో అన్నిటికన్నా పొడుగాటి పగళ్లు ఆ వారానివే. ఆ రోజు డాబా మీద మొహం కాలుతుంటే కళ్లు చికిలించి నిలబడిన జ్ఞాపకం ఉంది ఆయనకి. అది ఆ ఏడాదిదో మరో ఏడాదిదో చెప్పలేడు. సిరా ఆరలేదు. ఆ అంకె మీద మళ్లీ గట్టిగా గీశాడు.

"పో, మొహం కడుక్కో," అన్నారు నరసింహారావు గారు, రిజిస్టరుని వేలి కొసతో తన బల్ల నుంచి అవతలికి నెడుతూ. "చొక్కా మీద వాంతి మరక ఉంది."